దేహగ్రంథము – మద్యము



నేను వైద్యుడను గాను. రసాయనశాస్త్రము చదివినవాడను అంతకంటెను గాను. చిన్ననాట గురువుగారి అరుగుపై అమరకోశము వల్లించి, పిమ్మట భాషాప్రవీణ పరీక్షయం దుత్తీర్ణుడనై, ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి పొందినవాడను. అట్టి నేను, మద్యము దేహములో నేమగుచున్నది, జన్యువులపై దాని ప్రభావమెట్టిది యను విషయమును గూర్చి ప్రసంగింప బూనుట సాహసమే. ఈ సాహసమునకు కారణము కలదు. అది నా తప్పు. మొదట దానిని చెప్పుకొని పిమ్మట విషయములో ప్రవేశించెదను.

నా శిష్యులలో ఒక బాలుడుండెను. ఉత్పలమాలయైనను సీసమైనను రెండుమాఱులు విన్నచో తడబడక యొప్పగించెడివాడు. అతని తండ్రి త్రాగుబోతు. బాలుడు పదవ తరగతిలో నుండగా, సారా దుకాణము ముంగిట కనబడెనని యెవరో నాతో చెప్పిరి. నేను విచారింపలేదు. తరగతిలో నందఱి యెదుటను వానిని నిలువబెట్టి, "విత్తొకటి నాటిన చెట్టొకటి మొలచునా? నీ రక్తములోనే యున్నది" అంటిని. వాడు తలవంచుకొనెనే కాని బదులు పలుకలేదు. ఆ దినమున వాడు దుకాణమునకు పోయినది, పడిపోయిన తండ్రిని ఇంటికి తెచ్చుకొనుటకని కొన్నాళ్లకు తెలిసినది. తెలిసినను నేను వానితో నొక్కమాట యనలేదు. గురువు శిష్యుని క్షమాపణ కోరుట యెక్కడి మర్యాద యని నా యహంకారము.

ఇరువదియైదేండ్లు గడచిన పిమ్మట, కాలేయము చెడి ఆసుపత్రిలో నున్న వానిని చూడబోతిని. కన్నులు పచ్చబడియుండెను, కడుపు నీరుపట్టి యుండెను. నన్ను చూచి, "మీరానాడే చెప్పితిరి గదా, అయ్యవారూ, నా రక్తములోనే యున్నదని" అనెను. అది నింద కాదు. నేను సత్యము పలికితినని వాడంత కాలమును నమ్మియుండెను. నెల తిరుగకమునుపే వాడు పోయెను. కర్మాంతరములు ముగిసిన పిమ్మట వాని కుమారుడు, కళాశాలలో చదువుకొనుచున్న పిల్లవాడు, నా యింటికి వచ్చి, "తాతగారూ, నాకును ఇది తప్పదా?" అని యడిగెను. నాకు ఉత్తరము దొరకలేదు. వైద్యుడైన నా శిష్యుడొకడు తెచ్చియిచ్చిన గ్రంథములు ముందిడుకొని, ఆతడు గురువు, నేను శిష్యుడనై, కొన్ని నెలలు చదివితిని. అట్లు తెలిసికొన్నదే నేడు మనవి చేయుచున్నాను.

మనము భుజించిన అన్నము జీర్ణము కావలెనన్న నెంతయో పని జరుగవలెను. మద్యసారమునకు, అనగా ఆల్కహాలునకు, అట్టి పాకము లేదు. అది జీర్ణకోశమునుండియు, చిన్నప్రేగులనుండియు నేరుగా రక్తములో కలిసి కొలది నిమిషములలో మెదడును చేరును. అందులో కొలదిపాలు మాత్రమే ఊపిరిలోను, చెమటలోను, మూత్రములోను వెలికి పోవును. మిగిలినదానిని దేహమే, ముఖ్యముగా కాలేయము, దహించుకొనవలెను. దాచుకొనుటకు తావులేని పదార్థమది.

ఆ దహనము మూడు మెట్లలో జరుగును. మొదటి మెట్టున ఆల్కహాల్ డీహైడ్రోజినేసు అను ఎంజైము మద్యసారమును అసిటాల్డిహైడుగా మార్చును. రెండవ మెట్టున మఱియొక ఎంజైము ఆ అసిటాల్డిహైడును అసిటేటుగా మార్చును. ఈ అసిటేటు పులికడుగులో నుండు ఆమ్లమునకు దగ్గఱి చుట్టము. మూడవ మెట్టున అసిటేటు రక్తములో ప్రవహించి, కండలలోను గుండెలోను మెదడులోను దహింపబడి, కడపట బొగ్గుపులుసు వాయువుగాను నీరుగాను మారును. మొదటిది మత్తు, నడుమది విషము, మూడవది ఇంధనము. ఈ మూడును గుర్తుంచుకొనుడు. నా ప్రసంగమంతయు వీనియందే యున్నది.

కాలేయము ఈ పనిని తన వేగముననే చేయును గాని, మన తొందరకు లొంగదు. మన దేశమున దుకాణములలో అమ్ముడగు బ్రాందీ, విస్కీల బలము సాధారణముగా నూటికి 42.8 పాళ్లు. అనగా 30 మిల్లీలీటర్ల పెగ్గొకదానిలో సుమారు 10 గ్రాముల మద్యసారముండును. పెద్దవాని కాలేయము గంటకు ఏడు మొదలు పది గ్రాముల వఱకు దహింపగలదు. క్వార్టరు సీసాలో ఆఱు పెగ్గులు, అనగా 60 గ్రాములు. రాత్రి తొమ్మిదిగంటలకు దానిని ముగించినవాని రక్తములో తెల్లవాఱుజామునకును మద్యముండవచ్చును. మజ్జిగ త్రాగినను, చన్నీట స్నానము చేసినను ఈ లెక్క తఱుగదు. నిద్రించి లేచినంత మాత్రమున బండి నడుపుటకు తగుదునని తలంచువారు దీనిని గమనింపవలెను.

ఇక ఈ దహనము తక్కిన జీవక్రియను ఎట్లు చెఱచుచున్నదో వినుడు. పై రెండు మెట్లకును ఎన్.ఏ.డి. యను సహాయక పదార్థము కావలెను. దానిని ఊరి బండ్లవలె భావింపుడు. ఊరికి బండ్లు ఇన్నియే యున్నవి. వానితోనే ధాన్యము మోయవలెను, కట్టెలు మోయవలెను, ఎరువు మోయవలెను. ఎవడో వచ్చి బండ్లన్నిటిని సారా పీపాలకు కట్టించినచో తక్కిన పనులేమగును? కాలేయములో నట్లే జరుగును. క్రొవ్వును దహించు పని నిలిచిపోవును. క్రొవ్వు కణములలో పేరుకొనును. క్రొత్తగా చక్కెరను సృష్టించు పనియు నిలుచును. కావుననే పరగడుపున త్రాగినవానికి రక్తములో చక్కెర పడిపోయి స్మృతి తప్పుట కలదు. చుట్టునున్నవారు మత్తని తలంచి వానిని పండుకొనబెట్టుదురు. అది మత్తు కాక ప్రాణాపాయము కావచ్చును.

"తిండి బాగుగా తిన్నవానిని మద్యమేమియు చేయద"ను మాట మన యూళ్లలో తఱచుగా వినబడును. ఒకప్పుడు వైద్యులును కాలేయరోగమునకు కారణము పోషకాహారలోపమే యని నమ్మియుండిరి. అమెరికాలో చార్లెస్ లీబరు అను వైద్యుడు, మంచి యాహారమిచ్చుచున్నను మద్యమొక్కటియే కాలేయమున క్రొవ్వు పట్టించునని నిరూపించెను. ఆయనయు లియోనోర్ డి కార్లీ యను విదుషియు 1968లో మఱియొక విశేషమును బయలుపెట్టిరి. నిత్యము త్రాగువాని కాలేయములో మద్యమును దహించుటకు రెండవ పొయ్యి యొకటి రాజుకొనును. త్రాగినకొలది ఆ ఎంజైము పెరుగును. "వాడెంత త్రాగినను తూలడు" అని మనము మెచ్చుకొనునది కొంతవఱకు మెదడు మత్తునకు అలవడుట, కొంతవఱకు ఈ పొయ్యి మండుట. బలము కాదది. ఆ పొయ్యినుండి ఎగయు నిప్పురవ్వలవంటి పదార్థములు కణమునే కాల్చును. తలనొప్పికి మనము వేసికొను పారాసిటమాలు మాత్రను గూడ ఆ ఎంజైమే విషముగా మార్చును. నిత్యము త్రాగువారు వైద్యు నడుగక దానిని మ్రింగరాదు.

ఇంతవఱకు చెప్పినది వంటయింటి సంగతి. ఇక గ్రంథశాలకు పోవుదము.

మన దేహములో దాదాపు ప్రతి కణమునందును ఒక గ్రంథమున్నది. నాలుగే యక్షరములతో, సుమారు మూడువందల కోట్ల యక్షరముల నిడివిగా వ్రాయబడిన గ్రంథమది. ప్రొటీనులను నిర్మించు విధమును దెలుపు పాఠములు అందు సుమారు ఇరువదివేలు. వానినే జన్యువులందుము. కాలేయకణమునందును మెదడుకణమునందును ఉన్నది ఒకే గ్రంథము. ఐనను కాలేయము కాలేయముగాను, మెదడు మెదడుగాను ఉన్నవేల? ఏ కణ మే పాఠమును చదువవలెనో యేర్పాటున్నది గనుక. పాఠము చదువబడి ఫలించుటనే జన్యు వ్యక్తీకరణమందురు.

తాళపత్ర గ్రంథములను చూచినవారికి ఈ యేర్పాటు సులభముగా బోధపడును. ఆకుల నడుమ త్రాడు దూర్చి, రెండు పలకల మధ్య బిగించి కట్టుదురు. త్రాడు బిగిసియున్నంతకాలము అక్షరములున్నను చదువుటకు వీలులేదు. త్రాడు వదులుచేసినప్పుడే ఆకు విచ్చుకొనును. కణములో ఆ సూత్రము హిస్టోనులు అను ప్రొటీనుల చుట్టును చుట్టబడియున్నది. హిస్టోనుపై అసిటైలు అను గుర్తు పడినచో చుట్ట వదులై పాఠము చదువబడును. అక్షరములపై మిథైలు అను గుర్తు పడినచో, సాధారణముగా, లక్కముద్ర వేసినట్లు ఆ పాఠము మూయబడును. గ్రంథము మాఱదు, పఠనము మాఱును.

మద్యము ఈ గ్రంథమునకు రెండు విధములుగా కీడు చేయుచున్నది. మొదటిది నడిమెట్టున పుట్టు అసిటాల్డిహైడు పని. అది అక్షరములనే కొఱుకును. తాళపత్రములను పురుగు తిన్నచోట గ్రంథపాతమేర్పడినట్లు, ఇచ్చట జన్యుసూత్రము తెగును, అతుకుకొనును, తప్పుగా నతుకబడును. 2018లో కేంబ్రిడ్జిలోని పరిశోధకులు, అసిటాల్డిహైడును తొలగించు ఎంజైమును, సూత్రమును మరమ్మతుచేయు శక్తిని లేని చిట్టెలుకలకు మద్యసారమిచ్చి, రక్తమును పుట్టించు మూలకణములలో ఈ సూత్రభంగమును ప్రత్యక్షముగా చూపిరి. మనలో ఆ ఎంజైమును, ఆ మరమ్మతును పనిచేయుచునే యున్నవి. కాని దినదినము వచ్చిపడు విషమునకు అవియు చాలవు. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీల స్తనములు, వీని యందు క్యాన్సరు కలిగించు కారణములలో మద్యమొకటి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానీయములను నిశ్చయముగా క్యాన్సరు కలిగించువాని పట్టికలో చేర్చినది.

రెండవ కీడు అక్షరములకు గాక పఠనమునకు. నిత్యము త్రాగువాని ప్రేగులు ఫోలేటు అను విటమినును సరిగా గ్రహింపజాలవు. కాలేయమునకు మిథైలు గుర్తులు వేయు సామగ్రి తఱుగును. మూసియుంచవలసిన పాఠములు తెఱువబడును. క్రొవ్వును తయారుచేయు జన్యువులు విజృంభించును. క్రొవ్వును దహించు జన్యువులు మూలబడును. బండ్ల కొఱతచే నిలిచిన పనికి, గ్రంథమునందలి యాజ్ఞయే తలక్రిందులగుట తోడైనది.

మూడవ మెట్టున పుట్టు అసిటేటును ఇంధనమంటిని. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున షెల్లీ బెర్గరు గారి పరిశోధకబృందము 2019లో దీని రహస్యమును ప్రకటించినది. వారు మద్యసారమునందలి అణువులకు గుర్తుపెట్టి చిట్టెలుకలకు ఇచ్చిరి. కాలేయములో పుట్టిన అసిటేటు మెదడును చేరి, అచ్చటి హిస్టోనులపై అసిటైలు గుర్తులుగా నిలిచినది. త్రాగినదే త్రాడును వదులుచేయు గుర్తైనది! జ్ఞాపకశక్తికి స్థానమైన మెదడు భాగములో ఈ గుర్తును వేయించు ఎంజైమును తగ్గించినప్పుడు, మద్యము దొరకిన చోటును చిట్టెలుకలు మునుపటివలె కోరలేదు. ఇది చిట్టెలుకలలో చూచినది. మనుష్యులకు ఉన్నదున్నట్లు అన్వయింపరాదు. ఐనను, మానివేయవలెనని యొట్టుపెట్టుకొన్నవాడు దుకాణము మూలమలుపు కనబడినంతనే కాళ్లు నిలుపుకొనలేకపోవుట మనము చూచినదే. దానిని సిగ్గులేనితనమని తిట్టువారు, ఆ సందుమలుపు వాని మెదడులో నెంత లోతుగా వ్రాయబడినదో యోచింపవలెను.

అదే పరిశోధనలో గర్భిణులైన చిట్టెలుకలకు మద్యమీయగా, ఆ గుర్తులు కడుపులోని పిల్లల మెదడులలోను కనబడినవి. ఇది చదివినప్పుడు నాకు భారతము ఆదిపర్వములోని కచుని కథ స్మృతికి వచ్చినది. రాక్షసులు కచుని చంపి కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునిచే త్రాగించిరి. సర్వజ్ఞుడైన యాచార్యుడు కడుపులో శిష్యుడున్నట్లెఱుగడు. తెలిసికొన్న పిమ్మట తన యవివేకమునకు తానే రోసి, సురాపానమును నిషేధించెను. గర్భిణి త్రాగిన మద్యము మావిని దాటి శిశువునకు చేరును. శిశువు కాలేయమునకు దానిని దహించు శక్తి మిక్కిలి తక్కువ. ఫ్రాన్సులో పాల్ లెమాయిన్ గారు 1968లోను, అమెరికాలో జోన్సు, స్మిత్తు గార్లు 1973లోను, అట్లు పుట్టిన శిశువుల ముఖమునందును, ఎదుగుదలయందును, బుద్ధియందును కలుగు లోపములను వర్ణించిరి. గర్భిణికి ఇంత త్రాగవచ్చునను కొలత లేదు.

ఇక ఆ పిల్లవాని ప్రశ్న: తండ్రి త్రాగుబోతైనచో కుమారునకు తప్పదా?

త్రాగుడునకు దాసుడగుటలో మనిషికిని మనిషికిని గల భేదమునకు సుమారు సగముపాలు పుట్టుకతో వచ్చినదని కవలలను పరిశీలించినవారు చెప్పుచున్నారు. మిగిలిన సగము ఇల్లు, ఊరు, స్నేహము, దుఃఖము, దుకాణపు దూరము. ఆ పుట్టుకపాలు గూడ ఒక్క జన్యువు పని కాదు. అనేక జన్యువులు, ఒక్కొక్కటి రవంత, అటో యిటో మొగ్గు చూపును. మొగ్గు వేఱు, విధి వేఱు. అంతేకాదు, మనుష్యుని త్రాగనీయక కాపాడు జన్యుభేదములును గలవు. చైనా, జపాను, కొరియా దేశస్థులలో సుమారు మూడవవంతు మందికి అసిటాల్డిహైడును తొలగించు ఎంజైము మందముగా నుండును. ఒక్క గ్రుక్కకే వారి ముఖము కందును, గుండె దడదడలాడును, వాంతి వచ్చును. వారిలో పెక్కురు త్రాగుడు జోలికి పోరు. అలవాటు చేసికొన్నవారికి మాత్రము అన్నవాహిక క్యాన్సరు భయము మిక్కిలి యధికము. 1948లో డెన్మార్కు దేశమున హాల్డు, యాకబ్సెను గార్లు డైసల్ఫిరామను మందునకు ఇదే గుణమున్నదని ప్రకటించిరి. త్రాగుడు మాన్పించుటకు వైద్యులు దానిని వాడుదురు. రోగికి తెలియకుండ అన్నములో కలిపి పెట్టుట ప్రాణాపాయకరము. ఎవరును అట్లు చేయరాదు.

మఱియొక సంగతి. అక్షరములకు కలిగిన గాయము కొన్నియెడల నిలిచిపోవును. పఠనమున కలిగిన తప్పు చాలవఱకు దిద్దుకొనవచ్చును. త్రాగుడు మానినచో కాలేయమున పట్టిన క్రొవ్వు పెక్కుమందిలో కొలది వారములలోనే కరగును. కాలేయము గట్టిపడి ముడులు కట్టిన పిమ్మట పూర్వస్థితి దుర్లభము. అప్పటికిని మానినవాడు మాననివానికంటె ఎక్కువకాలము బ్రదుకును. ఐతే బహుకాలము విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో మూర్ఛలును సన్నిపాతమును రావచ్చును. కావున వైద్యుని యండ నుండియే మానవలెను.

మన పూర్వులు ఇవి యెఱుగరా యని కొందఱడుగుదురు. ఓజస్సునకు గల పది గుణములకును మద్యము పది గుణములును విరుద్ధములని చరకసంహిత చెప్పుచున్నది. విధిప్రకారము సేవించినచో మేలనియు అందే యున్నది. నేటి శాస్త్రము ఆ రెండవ మాటను సమర్థింపదు. హానిలేని మోతాదని చెప్పదగినది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. పెద్దలయెడ భక్తి యున్నను సత్యము నొప్పుకొనవలెను.

తుదకొక జ్ఞాపకము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు ఒక పాఠము చదివి, తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. 1997లో ఆ నిషేధము సడలింపబడినమాట నిజమే. ఐనను, పుట్టినింట మెట్టినింట ఇదియే వ్రాతయని నమ్మియున్న స్త్రీలు, వ్రాత చదువ నేర్చినంతనే దానిని ఎదిరించిరనుట మఱవరాదు.

ఆ పిల్లవానిని పిలిపించి నేను చెప్పినది ఇదియే: "నాయనా! నీకు వచ్చిన గ్రంథములో త్రాగుడువైపు మొగ్గు కొంత యుండవచ్చును. కావున నీవు ఇతరులకంటె జాగ్రత్తగా నుండవలెను. మొదటి గ్రుక్కయే త్రాగకుండుట నీకు మేలు. కాని యది నీ నుదుటివ్రాత గాదు. మీ నాన్నతో నేనన్న మాట అబద్ధము. నాటి దినమున వాడు త్రాగుటకు పోలేదు. తండ్రిని మోసికొని వచ్చుటకు పోయెను." పిల్లవాడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఈ సంగతి మా నాయనమ్మతో గూడ చెప్పుదురా?" అని యడిగెను. ఆ సాయంకాలమే పోయి చెప్పితిని.

త్రాగువాని బిడ్డలు మీ బడిలో నుండవచ్చును, మీ వీథిలో నుండవచ్చును. వారిని చూచి "రక్తములోనే యున్నది" అనకుడు. శాస్త్రము అట్లు చెప్పుటలేదు.